నంది ముందు నిలబడ్డ చెన్నుభట్టు

ఒకానొక కాలంలో కృష్ణకు దక్షిణాన మేడికోన అనే చిన్న రాజ్యం ఉండేది. పొద్దున్నే చద్దన్నం తిని గుర్రమెక్కిన మనిషి మధ్యాహ్న భోజనం వేళకల్లా ఆ రాజ్యం సరిహద్దు దాటిపోయేవాడు. రాజ్యం చిన్నదే గాని, దాన్ని ఏలే సింగమభూపతి బిరుదులు మాత్రం చిన్నవి కావు. సభలో వాటిని చదవడం మొదలుపెడితే, ఆయన నడిచి వచ్చి, సింహాసనం మీద కూర్చుని, తాంబూలం నమలడం ముగించినా అవి ఇంకా సగంలోనే ఉండేవి.

ఆ కొలువులో చెన్నుభట్టు ఉండేవాడు. తాను కవినని అతను చెప్పుకునేవాడు, హాస్యగాడని తక్కినవాళ్ళు అనేవాళ్ళు. మనిషి పొట్టి. తల మీద జుట్టు పిలక కట్టడానికి సరిపోయేంతే మిగిలింది. బొజ్జ మాత్రం ఏ గదిలోకైనా అతనికంటే ముందు అడుగుపెట్టేది. ఈ సంగతులన్నీ లోకానికి చాటింది కూడా అతనే. ఎదుటివాడు వెక్కిరించేలోగా తానే వెక్కిరించుకుంటే వాడికి పని మిగలదని అతని లెక్క. ఇరవయ్యేళ్ళుగా కొలువులో అలాగే నెగ్గుకొస్తున్నాడు.

రాజుగారు చెడ్డవాడేమీ కాదు. వాళ్ళ తాతగారు కట్టించిన చిన్న నీలకంఠేశ్వరుడి గుడి చుట్టూ ఆరేళ్ళుగా పెద్ద ఆలయం కట్టిస్తున్నాడు. తూర్పున రాజగోపురం, చుట్టూ ప్రాకారం, లోపల స్తంభాల మంటపం లేచాయి. పని నడిపిస్తున్న స్థపతి పేరు కాచోజు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. పని దాదాపు అయిపోయింది. వచ్చే శివరాత్రికి గోపురం మీద కలశాలు ఎత్తి కుంభాభిషేకం చేయాలని ముహూర్తం కూడా పెట్టారు.

కార్తీకం ఇంకా రాకముందు ఒకనాడు రాజుగారు కొలువునంతా వెంటబెట్టుకుని గుడి చూడటానికి వచ్చాడు. కాచోజు అన్నీ తిప్పి చూపించాడు. చివరికి ధ్వజస్తంభానికి ఒక నూలుదారం కట్టి, రెండో కొస పూజారి చేతికిచ్చి లోపలికి పంపించాడు. దారం నంది వీపు మీదుగా పోయి, రెండు కొమ్ముల మధ్య నుంచి దూరి, మంటపం మెట్లు దాటి, గుమ్మాలన్నీ దాటి, గర్భగుడిలో లింగం ముందు వెలిగే దీపం దగ్గర ఆగింది. ఎక్కడా ఒక గోడకు గాని స్తంభానికి గాని తగల్లేదు.

"స్వామి చూపు ఈ దారం వెంట బయటికి వస్తుంది ప్రభూ. మెట్లెక్కలేని ముసలివాళ్ళు, జబ్బుమనుషులు ఈ దారం వెంటే లోపలికి చూస్తారు. ఆరేళ్ళుగా మేం కట్టినవన్నీ దీని చుట్టూ లేపిన గోడలే," అన్నాడు కాచోజు.

అందరూ నిశ్శబ్దంగా ఆ దారాన్ని చూస్తున్నారు. అలాంటప్పుడు నిశ్శబ్దాన్ని అలాగే ఉండనివ్వాలి. కాని చెన్నుభట్టు నోరు ఊరుకునే నోరు కాదు. అప్పటికప్పుడు ఒక పద్యం అల్లి చదివేశాడు. నంది ఎంత అదృష్టవంతుడో, అతనికి ఎదురుగా ఉన్నది ఒక్క శివుడే. మేడికోన ప్రభువు కూడా ఎదురుగా నిలబడితే, పాపం ఎవరిని చూడాలో తెలియక నందికి మెడ పట్టేసి ఉండేదని దాని భావం.

రాజుగారు ఆ పద్యాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. తన భుజం మీది పట్టు శాలువ తీసి స్వయంగా చెన్నుభట్టుకు కప్పాడు. ఆ సాయంత్రానికల్లా కాచోజుకు ఆజ్ఞ వెళ్ళింది. నందికీ మంటపం మెట్లకీ మధ్య, సరిగ్గా ఆ దారం పోయినచోట, రాజుగారి నల్లరాతి విగ్రహం ఐదు మూరల ఎత్తున నిలబెట్టాలి. శివరాత్రికి సిద్ధం కావాలి.

కాచోజు మర్నాడే కొలువుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రాకారంలో ఇంకెక్కడ చెప్పినా చెక్కుతానని, ఆ దారం మీద మాత్రం రాయి నిలబెట్టలేనని చెప్పాడు. రాజుగారికి కోపం వచ్చింది. కార్తీకమాసం ముగిసేలోగా పని మొదలుపెట్టకపోతే కాచోజు ఈ రాజ్యంలో మళ్ళీ ఉలి పట్టకూడదని, అతని వెంట వచ్చిన నలభై శిల్పుల కుటుంబాలూ కుంభాభిషేకం చూడకుండానే పొలిమేర దాటాలని ఉత్తరువు చేశాడు. ఆరేళ్ళు రాయి కొట్టినవాడికి, చివరికి కలశం ఎక్కేరోజున ఆ ఊళ్ళో లేకుండా పోవడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

ఆ సాయంత్రం కాచోజు చెన్నుభట్టు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తిడతాడేమోనని చెన్నుభట్టు ఎదురుచూశాడు. తిడితే ఏదో ఒక హాస్యమాడి తప్పించుకోవచ్చు. కాచోజు తిట్టలేదు.

"పద్యం బాగుంది భట్టుగారూ," అన్నాడు. ఇచ్చిన మజ్జిగ తాగి, వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

చెన్నుభట్టు జన్మలో తన పద్యాన్ని ఎవరైనా మెచ్చుకున్నందుకు ఏడుపు రావడం అదే మొదటిసారి. లోపలికి వెళ్ళేసరికి భార్య తిప్పాంబ ఆ పట్టు శాలువ మడతపెట్టి చేతిలో పట్టుకుని ఉంది. తలుపు చాటు నుంచి అంతా విన్నది.

"నలభై ఇళ్ళవాళ్ళు మూటలు కట్టుకుంటున్నారట. మీరే వేసిన ముడి. మీరే విప్పండి," అని శాలువ అతని ఒళ్ళో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు చెన్నుభట్టు కొలువులో ముందు తన నోటినే నమ్ముకున్నాడు. విగ్రహం ఎటువైపు చూస్తూ ఉండాలని వినయంగా అడిగాడు. వచ్చే జనం వైపు అన్నాడు రాజుగారు.

"అప్పుడు స్వామికి ఏలినవారి వీపు కనబడుతుంది ప్రభూ."

"అయితే స్వామి వైపు తిప్పండి."

"అప్పుడు జనానికి ఏలినవారి వీపు కనబడుతుంది."

రాజుగారు పక్కకు తిప్పితే పోలేదా అన్నాడు.

"అలిగి నిలబడ్డట్టుంటుంది ప్రభూ. ఇద్దరితోనూ మాటల్లేనట్టు."

సభ నవ్వింది. రాజుగారు నవ్వలేదు. లోకాన్నంతా చూసే స్వామి తన వీపు ఒక్కటి చూస్తే వచ్చే నష్టమేమీ లేదని, విగ్రహం జనం వైపే చూస్తుందని తేల్చేశాడు. చెన్నుభట్టు తన నోరు ఓడిపోవడం చూశాడు. ఇరవయ్యేళ్ళ కొలువులో ఆ నోటితో సంపాదించిన పేరంతా ఒక్క నిమిషంలో పోయినట్టనిపించింది. ఇక మిగిలింది బొజ్జ ఒక్కటే.

వెంటనే దారి మార్చాడు. తన తెలివితక్కువతనానికి లెంపలు వేసుకుని, విగ్రహం పెట్టవలసిందేనని ఒప్పుకున్నాడు. అయితే రాయి ఒకసారి నిలిచాక మళ్ళీ మార్చడం కష్టం కాబట్టి, ముందు ఒక పూట మనిషిని నిలబెట్టి చూస్తే మంచిదన్నాడు. జనం ఆ విగ్రహాన్ని చూసి ఏమని మురిసిపోతారో ఏలినవారు మారువేషంలో ఉండి చెవులారా వినవచ్చునన్నాడు. ఈ చివరి మాట రాజుగారికి నచ్చింది.

"ఎవరిని నిలబెడదాం?"

"నన్నే ప్రభూ."

ఈసారి రాజుగారే ముందు నవ్వాడు. ఆయన ఆరడుగుల పొడగరి, వెదురుబొంగులా సన్నగా ఉంటాడు.

"నీలో నా పోలిక ఏమున్నది భట్టూ?"

"ఒక్కటీ లేదు. అదే మంచిది. జనం మెచ్చుకుంటే ఆ మెప్పు ఏలినవారి దుస్తులకు, కిరీటానికి. వెక్కిరిస్తే ఆ వెక్కిరింత నా బొజ్జకు. దానికి అలవాటే."

రాజుగారు ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. మధ్యాహ్న హారతి గంట మోగేదాకా ఎవరేమన్నా, ఏం చేసినా చెన్నుభట్టు కదలకూడదు, పెదవి విప్పకూడదు. నిలబడగలిగితే జనం మాట విన్నాకే విగ్రహం సంగతి తేలుస్తాడు, కదిలితే పందెం పోయినట్టే, కాచోజు మారుమాట లేకుండా ఉలి పట్టాలి. చెన్నుభట్టు సరేనన్నాడు. తానూ ఒకటి కోరాడు. రాజుగారు అటూ ఇటూ తిరగకుండా ధ్వజస్తంభం దగ్గరే నిలబడాలి. విగ్రహం నిండుగా కనబడేది అక్కడినుంచేనన్నాడు.

కార్తీక సోమవారం తెల్లవారుతుండగా కాచోజు సున్నంలో బొగ్గుపొడి కలిపి చెన్నుభట్టును నెత్తి నుంచి పాదాల దాకా పూశాడు. నల్లగా, గరుకుగా, దూరం నుంచి అచ్చం రాయిలా తయారయ్యాడు. రాజుగారి పాత జరీ అంగీ బొజ్జ దగ్గర బొత్తాలు పడక, వెనకవైపు కోసి తాళ్ళతో బిగించవలసి వచ్చింది. కిరీటం కనుబొమల మీదికి జారుతుంటే లోపల దూది కుక్కారు.

"ఐదు మూరల విగ్రహానికి పట్టేంత పూత మూడు మూరల మనిషికి పట్టింది," అన్నాడు కాచోజు. రాజుగారి ఆజ్ఞ వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

నంది ఎదుట నడుమెత్తు దిమ్మె మీద చెన్నుభట్టును ఎక్కించి, జనాన్ని దీవిస్తున్నట్టు ఒక చెయ్యి చాచి నిలబడమన్నారు. నంది మూతి అతని మోకాళ్ళకు రెండు జానల దూరంలో ఉంది. ఎక్కిన కాసేపటికే ఒక సంగతి తెలిసొచ్చింది. నంది పెద్ద కళ్ళు తన వైపు లేవు. తనను దాటి, తన వెనక ఎక్కడో ఉన్న దీపం వైపు ఉన్నాయి. మెడ పట్టేస్తుందని పద్యం చెప్పాడు గాని, నంది అతనివైపు చూసే ప్రయత్నమే చేయడం లేదు. తన పద్యం ఎంత అబద్ధమో నంది ముఖాన చదువుకుంటూ నిలబడ్డాడు.

రాజుగారు పాత గొంగడి కప్పుకుని, తలకు గుడ్డ చుట్టుకుని ధ్వజస్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. జనం రావడం మొదలైంది.

మొదట కొండపల్లె నుంచి వచ్చిన ఆలుమగలు ఆగారు. ఈ స్వామి ఎవరని భార్య అడిగింది. బొజ్జ చూస్తే తెలియడం లేదా, కుబేరుడన్నాడు భర్త. ఆవిడ రెండు మందారాలు పాదాల దగ్గర పెట్టి, తమ గేదె ఈసారి పెయ్యదూడను ఈనాలని మొక్కుకుంది. చెన్నుభట్టుకు జాలివేసింది. తన వంటివాడికి మొక్కితే ఆ గేదె ఏం ఈనుతుందోనని భయం కూడా వేసింది. వాళ్ళు గుసగుసగా అనుకోవడంతో రాజుగారికి మాటలు వినబడలేదు, మొక్కడం మాత్రం కనబడింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

తరువాత వచ్చిన ఇద్దరు సాలెవాళ్ళు ధ్వజస్తంభం పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. ఆ మాటలు రాజుగారికి బాగా వినబడ్డాయి. ఆ అంగీ రాజుగారిదని, తామే నేసి ఇచ్చామని పెద్దవాడు గుర్తుపట్టాడు. రాజుగారు పొడుగ్గా ఉంటారంటారే అన్నాడు రెండోవాడు. ఆరేళ్ళు గుడి కట్టించి అరిగిపోయి ఉంటారన్నాడు పెద్దవాడు. అరిగితే ఆ బొజ్జ ఎక్కడిదని రెండోవాడు అడిగాడు. గుడి ప్రసాదాలు బాగా పడ్డట్టున్నాయని ఇద్దరూ తేల్చుకుని దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ పొద్దున చెన్నుభట్టు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఏట్లో మునిగి వచ్చిన ఒక పెద్దమనిషి తడి ఉత్తరీయం అతని చాచిన చేతికి ఆరేసి, ప్రదక్షిణలు చేసి వచ్చి ఆరిందో లేదో పట్టి చూశాడు. ఎవరో దిమ్మె మూలకు కొబ్బరికాయ కొడితే ఆ నీళ్ళు పాదాల మీద పడ్డాయి. వాటి తీపికి చీమలు వచ్చి పిక్కల మీదుగా పైకి దారి వెతుక్కున్నాయి. కిరీటం మీద ఒక కాకి వాలి, నచ్చినట్టుంది, చాలాసేపు కూర్చుంది. కాకి చేయగలిగింది కూడా చేసిపోయింది. తన తల మీద పడే వాటిలో బిరుదులు, శాలువలు, అక్షతలు అన్నీ అయిపోయాయని, ఇదొక్కటే బాకీ ఉందని చెన్నుభట్టు మనసులో అనుకున్నాడు.

ఇంత జరుగుతున్నా ఓరకంట రాజుగారి ముఖం చూస్తే ధైర్యం జారిపోయింది. ఆయనకు చికాకు ఉన్నది గాని బుద్ధి మారిన జాడ లేదు. రాతి విగ్రహమైతే పొడుగ్గా, గంభీరంగా ఉంటుందని, అప్పుడు ఆ బొజ్జ ఎక్కడిదని ఎవరూ అడగరని ఆయన తనకు తాను చెప్పుకుంటున్నట్టే ఉంది. తప్పంతా చెన్నుభట్టు బొజ్జదే. నిజమే, చెన్నుభట్టే ముందుగా అలా చెప్పి ఒప్పించాడు. తాను వేసిన ఎత్తు తన మెడకే చుట్టుకున్నదని అర్థమై, సున్నపుపూత కింద చెమట పట్టింది. చెమటకు పూత కరిగి ముక్కు చివర ఒక బొట్టు వేలాడింది. తుడుచుకోవడానికి లేదు. హారతికి ఇంకా అరగంట ఉంది.

అప్పుడు ఒక ముసలావిడ వచ్చింది. కర్ర పోటు వేసుకుంటూ, రెండడుగులకొకసారి ఆగుతూ నంది వెనక్కి చేరింది. ఆమె పేరు ఈరమ్మ అని, పడమటి మెట్టపొలాల ఊరినుంచి నాలుగు రోజులు నడిచి వచ్చిందని తరువాత తెలిసింది. నంది వీపు మీద చెయ్యి ఆనించి, వంగి, రెండు కొమ్ముల మధ్యనుంచి లోపలికి చూసింది. ఎడమకు జరిగి చూసింది. కుడికి జరిగి చూసింది. మళ్ళీ కొమ్ముల మధ్యకు వచ్చింది.

"నాయనా, కొంచెం పక్కకు జరుగుతావా?" అంది.

తనను మనిషని పోల్చుకుందేమోనని చెన్నుభట్టు అనుకున్నాడు. ఆమె చూపు మందగించిన మనిషి. ఎదురుగా ఉన్నది మనిషో రాయో ఆమెకు తెలియడం లేదు.

"మెట్లెక్కలేను నాయనా, మోకాళ్ళు పనిచేయవు. మా ఇంటాయన ఈ గుడికి రెండేళ్ళు బండి మీద రాళ్ళు తోలాడు. ఇక్కడ నిలబడితే స్వామి దీపం కనబడుతుందని పోయేముందు చెప్పాడు. ఒక్కసారి చూసి పోతాను."

పక్కకు ఒక్క అడుగు వేస్తే చాలు. చెన్నుభట్టు కాలి బొటనవేలు లేవబోయింది కూడా. కదిలితే పందెం పోతుంది, నలభై ఇళ్ళవాళ్ళు పోతారు, రేపటినుంచి ఇక్కడ ఐదు మూరల రాయి లేస్తుంది. అది ఏ అవ్వ అడిగినా జరగదు. పళ్ళు బిగపట్టి నిలబడ్డాడు. ఇంత నీచమైన పని తన జన్మలో చేయలేదని అనిపించింది. కళ్ళలోంచి నీళ్ళు కారి పూత మీద రెండు చారలు పడ్డాయి.

ఈరమ్మ నంది పక్కగా ముందుకు వచ్చి, చెయ్యి చాచి దిమ్మెను తడిమి చూసి, రాయేనని తేల్చుకుంది.

"రాయివా. నీదేం తప్పులే," అని ఓదార్చినట్టు అంది.

తరువాత వెనక్కి తిరిగింది. ధ్వజస్తంభం దగ్గర గొంగడి కప్పుకుని పొడుగాటి మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడని ఆమెకు లీలగా తెలిసింది. కర్ర ఊతతో ఆయన దగ్గరికి నడిచింది.

"బాబూ, పొడగరివి. నీకు కనబడుతుందేమో చూసి చెప్పు. లోపల దీపం వెలుగుతోందా?"

రాజుగారు లోపలికి చూశాడు. మునివేళ్ళ మీద లేచి చూశాడు. పొద్దుటినుంచి ఆయన చూస్తున్నది విగ్రహాన్నే. దాని వెనక ఏముందో చూడాలన్న ఊహే రాలేదు. ఇప్పుడు వెతికితే దీపం లేదు, లింగం లేదు, గర్భగుడి గుమ్మమే లేదు. జరీ అంగీ ఒకటి ఉంది.

"కనబడటం లేదు అవ్వా," అన్నాడు.

"నీకు కూడానా. ఎందుకని?"

రాజుగారు ఆమె ముఖంలోకి చూశాడు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు, ఆ ముఖం చూస్తూ ఆడగలిగినవాడు ఎవడూ ఉండడు.

"రాజుగారు అడ్డంగా ఉన్నారు," అన్నాడు.

ఆ మాట చెన్నుభట్టుకు స్పష్టంగా వినబడింది. ఇరవయ్యేళ్ళ కొలువులో అంత మంచి మాట తన నోట ఎన్నడూ రాలేదని ఒప్పుకున్నాడు.

"ఎవరైతేనేం నాయనా. పెద్దవాడివి, నువ్వు చెబితే వింటాడేమో, కాస్త జరగమని చెప్పు," అంది ఈరమ్మ.

రాజుగారు గొంగడి సర్దుకుని నంది పక్కగా దిమ్మె దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "భట్టూ, జరుగు," అన్నాడు.

చెన్నుభట్టు కదల్లేదు. ఎవరేమన్నా కదలకూడదని పెట్టిన షరతులో ఏలినవారిని మినహాయించలేదు.

"నేనే చెబుతున్నాను. దిగు."

విగ్రహం రెప్ప కూడా వేయలేదు. లోపలినుంచి పూజారి హారతి పళ్ళెం సిద్ధం చేస్తున్న చప్పుడు వినబడుతోంది. వెనక అవ్వ కర్ర మీద ఆనుకుని ఎదురుచూస్తోంది. రాజుగారికి అప్పుడు అర్థమైంది. ఆజ్ఞతో ఈ విగ్రహం దిగదు. దించాలంటే తానే దించాలి.

గొంగడి తీసి పక్కన పడేశాడు. చెన్నుభట్టు నడుము చుట్టూ రెండు చేతులూ వేసి, అవి అందినంతమేర పట్టుకుని, ఒక్క ఊపున పైకెత్తి, పక్కకు దించి నేల మీద నిలబెట్టాడు. సున్నం, బొగ్గు, కొబ్బరినీళ్ళు, కాకి ఇచ్చిన కానుక అన్నీ కలిసి ఆయన ఛాతీకి అంటుకున్నాయి. సరిగ్గా అప్పుడే గంట మోగింది.

నంది కొమ్ముల మధ్యనుంచి, మెట్లమీదుగా, గుమ్మాలన్నీ దాటి, లోపల హారతి వెలుగు చిన్నగా లేచి కనబడింది. ఈరమ్మ చేతులు జోడించింది. ఏమీ కోరలేదు. "బాగా కట్టారు," అని మాత్రం అంది. ఎవరితో అన్నదో తెలియదు. మంటపం మెట్ల పక్కన నిలబడ్డ కాచోజు తల వంచుకున్నాడు. రాజుగారు కూడా ఆమె పక్కనే వంగి, ఆమె చూసినచోటునుంచే చూశాడు. ఆయన ఆరేళ్ళు ఈ గుడి కట్టించాడు గాని ఇక్కడ నిలబడి లోపలికి చూడటం ఆ రోజే.

హారతి అయ్యాక రాజుగారు తన ఛాతీ వంక చూసుకున్నాడు, చెన్నుభట్టు ముఖాన పూత మీద దిగిన రెండు చారల వంక చూశాడు, నవ్వడం మొదలుపెట్టాడు. నంది వీపు పట్టుకుని నవ్వాడు. ఎవరో గుర్తుపట్టడంతో జనం దండాలు పెడుతుంటే కూడా ఆ నవ్వు ఆగలేదు.

కాచోజును పిలిచి, విగ్రహం మాట మరచిపొమ్మన్నాడు. దానికోసం గని నుంచి తెప్పించిన నల్లరాయి ఉన్నది కదా, దాన్ని కోసి మంటపానికి ఎత్తు తక్కువ మెట్లు, పట్టుకుని ఎక్కడానికి పక్కన పిట్టగోడలు కట్టమన్నాడు. శివరాత్రికి అవ్వ మళ్ళీ రావాలని, ఆవిడను బండి మీద తీసుకురావాలని చెప్పాడు. కాచోజు వంగి దండం పెట్టి, కొలతలకోసం అప్పుడే మెట్ల దగ్గరికి నడిచాడు.

ఇక రాజుగారు చెన్నుభట్టు వైపు తిరిగాడు.

"నిజం చెప్పు భట్టూ. ఇదంతా ముందే ఊహించి చేశావా?"

ఊహించానని చెబితే కొలువులో పేరు మళ్ళీ నిలబడుతుంది. చెన్నుభట్టు నాలుక చివరిదాకా ఆ మాట వచ్చింది.

"లేదు ప్రభూ. నేను నమ్ముకున్నది నా బొజ్జను. అది ఓడిపోయింది. గెలిచింది ఆ అవ్వ, మాట చెప్పింది ఏలినవారు. నేను చేసిందల్లా అడ్డంగా నిలబడటం. పద్యం చెప్పిన రోజు కూడా అదే పని చేశాను."

రాజుగారు మళ్ళీ నవ్వాడు. తన చేతి కడియం తీసి అతనికి తొడిగాడు. అది చాలదని, నాటినుంచి చెన్నుభట్టుకు పల్లకీ మర్యాద ఇస్తున్నానని అక్కడికక్కడే ప్రకటించి, తన పల్లకీలోనే ఇంటికి పంపించాడు.

బోయీలు పల్లకీ ఎత్తుకుని రాజవీధిన పడ్డారు. చెన్నుభట్టుకు పూత కడుక్కునే తీరిక దొరకలేదు. తల మీద కిరీటం, ఒంటి మీద జరీ అంగీ అలాగే ఉన్నాయి. కార్తీక సోమవారం కావడంతో వీధి నిండా జనం. గుడిలోంచి పల్లకీ మీద నల్లటి విగ్రహం రావడం చూసి, స్వామి ఊరేగింపుకు బయలుదేరాడనుకున్నారు. ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చి హారతులు పట్టారు. మగవాళ్ళు తలగుడ్డలు తీసి చేతులెత్తి మొక్కారు. ఎవరో పూలు చల్లారు.

నేను మనిషిని, కాస్త ఆగండని ఒక్కమాట చెబితే సరిపోయేది. చెన్నుభట్టు చెప్పలేదు. మొదటి హారతికి సిగ్గేసింది. రెండోదానికి కొంచెం తగ్గింది. మూడో వీధి మలుపు తిరిగేసరికి వెన్ను నిటారుగా చేసి, కళ్ళు సగం మూసి, పెదవుల మీద చిరునవ్వు నిలిపి, రాయి కూడా అంత కదలకుండా ఉండలేనంత నిశ్చలంగా కూర్చున్నాడు.

పల్లకీ ఇంటి ముందు ఆగింది. తిప్పాంబ వాకిట్లోకి వచ్చి ఎగాదిగా చూసింది. వీధిలో జనం ఇంకా మొక్కుతూనే ఉన్నారు. దిగమని బోయీలు రెండుసార్లు చెప్పారు. కాళ్ళు తిమ్మిరెక్కాయని, ఇంకో వీధి తిప్పితే సర్దుకుంటాయని చెన్నుభట్టు పెదవులు కదపకుండా వాళ్ళకు చెప్పాడు.